జెల్డాల్ గారి లెక్క

మా ల్యాబులో జెల్డాల్ ఫ్లాస్కు పట్టుకోనివాడు లేడు. ఆ మనిషెవరో మాత్రం నాకూ మొన్నటిదాకా తెలీదు.

యోహాన్ జెల్డాల్ 1849లో డెన్మార్కులో పుట్టాడు. కోపెన్‌హేగెన్‌లో బీరు తయారీదారు స్థాపించిన కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో రసాయన విభాగాన్ని నడిపాడు. బార్లీ గింజలో ప్రొటీన్ ఎంతో తేల్చాలి. గింజను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరిగించి, క్షారం కలిపి, వెలువడ్డ అమ్మోనియాను కొలిచాడు. ఆ పద్ధతిని 1883లో ప్రకటించాడు. 1900లో, యాభయ్యేళ్ల వయసులో కన్నుమూశాడు.

ఆయన కొలిచింది నత్రజనిని. దాన్ని 6.25తో హెచ్చవేసి ప్రొటీన్ అనుకోవడం మన వాడుక. మురుగునీటిని శుద్ధి చేశాక మిగిలే బురదలో సూక్ష్మజీవులు దండిగా ఉంటాయి. వాటి ప్రొటీన్‌ను పశువుల దాణాకు వాడవచ్చా అని పరిశోధనలు జరుగుతున్నాయి. కానీ బురదలో అమ్మోనియా, న్యూక్లిక్ ఆమ్లాలూ ఉంటాయి. వాటి నత్రజనీ లెక్కలో కలుస్తుంది. నూరు గ్రాముల ఎండు బురదలో నత్రజని 6 గ్రాములనుకుందాం, ప్రొటీన్ 37.5 అని వస్తుంది. అందులో ఒక గ్రాము ప్రొటీన్‌ది కాకపోతే, అసలు ఉన్నది 31.25 గ్రాములే. అందుకే అమ్మోనియాను విడిగా కొలిచి తీసేయాలి.

మా నాన్న దాణా బస్తా మీది అంకె నమ్మి గేదెలకు పెడతాడు. గేదె మాత్రం అంకెను తిని పాలివ్వదు. జెల్డాల్ తన పని తాను నిక్కచ్చిగా చేసిపోయాడు. మిగతా పూచీ కొలిచే మనది.