నక్షత్రాలను అందరికీ పంచిన హెలెన్ హాగ్

టొరంటోకు ఉత్తరాన రిచ్‌మండ్ హిల్‌లో డేవిడ్ డన్‌లప్ అబ్జర్వేటరీ ఉంది. 1935లో తెరిచినప్పుడు అక్కడి 74 అంగుళాల టెలిస్కోప్ ప్రపంచంలోనే రెండో పెద్దది. ఖగోళ శాస్త్రవేత్త హెలెన్ సాయర్ హాగ్ జీవితం చాలావరకు దాని నీడలోనే గడిచింది.

ఆమె కూడా మనలాగే వలస వచ్చినవారే. 1905లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో పుట్టారు. హార్వర్డ్ అబ్జర్వేటరీలో హార్లో షాప్లీ దగ్గర పరిశోధన చేశారు. అప్పట్లో హార్వర్డ్ మహిళలకు సైన్స్ డిగ్రీలు ఇచ్చేది కాదు. దాంతో 1931లో రాడ్‌క్లిఫ్ కాలేజీ నుంచి పీహెచ్‌డీ తీసుకున్నారు. అదే ఏడాది భర్త ఫ్రాంక్ ఉద్యోగరీత్యా బ్రిటిష్ కొలంబియాలోని విక్టోరియాకు వచ్చారు. అక్కడ ఆమెకు జీతం లేదు. భర్తకు సహాయకురాలిగానే రాత్రుళ్లు టెలిస్కోప్ దగ్గర పనిచేశారు. పసిపాప పక్కనే బుట్టలో నిద్రపోయేది. 1935లో కుటుంబం టొరంటోకు మారింది.

ఆమె పరిశోధనంతా గోళాకార నక్షత్ర గుచ్ఛాల మీదే. వాటిలో కొన్ని నక్షత్రాల వెలుగు క్రమం తప్పకుండా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ నక్షత్రం అసలు కాంతి ఎంతో తెలిస్తే, మనకు కనిపించే కాంతితో పోల్చి దూరం లెక్కగట్టొచ్చు. ఈ దూరాలతోనే సూర్యుడు పాలపుంత నడిబొడ్డున లేడని 1918లో షాప్లీ తేల్చారు. అలాంటి నక్షత్రాలను ఓపిగ్గా వెతికి, 1939, 1955, 1973లలో హెలెన్ జాబితాలు ప్రచురించారు.

ఈ గుచ్ఛాల్లో చాలావాటి వయసు సుమారు 1,200 కోట్ల ఏళ్లు. సూర్యుడిది 460 కోట్లే. అంటే విశ్వంలో మనం మధ్యలోనూ లేము, మొదట్లోనూ లేము. మన పూజా సంకల్పంలోనూ కల్పం, మన్వంతరం, యుగం చెప్పాకే మన గోత్రం, పేరు వస్తాయి.

1951 జనవరి 1న ఫ్రాంక్ మరణించారు. ముగ్గురు పిల్లల బాధ్యత, తరగతులతో పాటు టొరంటో స్టార్‌లో ఆయన రాసే వారం వారం శీర్షికనూ ఆమె అందుకున్నారు. దాన్ని 1981 వరకు, 30 ఏళ్లు నడిపారు. 1976లో నక్షత్రాలు అందరివీ అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం తెచ్చారు. 1993లో రిచ్‌మండ్ హిల్‌లోనే కన్నుమూశారు.

మన చోటూ, మన కాలమూ మామూలువే కావచ్చు. ఆ సంగతి కనిపెట్టి పదిమందికీ చెప్పగలగడం మాత్రం మామూలు విషయం కాదు. ఈ వేసవిలో ఊరి వెలుగులకు దూరంగా వెళ్లినప్పుడు, హెర్క్యులిస్ రాశిలోని ఎం13 గుచ్ఛాన్ని బైనాక్యులర్‌తో పిల్లలకు చూపించండి. ఆ వెలుగు అక్కడ బయలుదేరి 20 వేల ఏళ్లు దాటింది.