మూతి వంకరకు మూలం వెదికిన హకీము అర్ రాజీ

మన ఇళ్లలో ఎవరికైనా మూతి వంకరపోతే లక్వా అంటాం. సగం ఒళ్లు చచ్చుబడితే ఫాలిజ్ అంటాం. ఈ రెంటికీ తేడా ఏమిటో, ఒకే లక్షణం వెనుక ఎన్ని కారణాలు ఉండవచ్చో పదకొండు వందల ఏళ్ల క్రితమే పరిశీలించి రాసిన మహా వైద్యుడు అబూ బక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా అర్ రాజీ.

ఆయన హిజ్రీ 251 (క్రీ.శ. 865) ప్రాంతంలో ఇరాన్ దేశపు రయ్ నగరంలో జన్మించారు. ఆ ఊరి పేరే ఆయన పేరులో నిలిచింది. వైద్య విద్యలోకి కాస్త ఆలస్యంగానే అడుగుపెట్టారు. అయినా రయ్ ఆసుపత్రికీ, తర్వాత బాగ్దాదు ఆసుపత్రికీ పెద్ద వైద్యులయ్యారు.

ఆయన చుట్టూ శిష్యులు వరుసలు వరుసలుగా కూర్చునేవారు. వచ్చిన రోగిని మొదట వెలుపలి వరుస చూసేది. వారికి రోగం అంతుచిక్కకపోతే లోపలి వరుస చూసేది. వారికీ తెలియకపోతే అప్పుడు రాజీ స్వయంగా పరీక్షించేవారు. పేదల వద్ద ఆయన డబ్బు ఆశించేవారు కాదు. వైద్యుడు అందుబాటులో లేని సామాన్యుల కోసం ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు.

యూనానీ పితామహులలో ఒకరైన జాలీనూస్ గ్రంథాలను రాజీ క్షుణ్ణంగా చదివారు. వాటిలో ఒక రోగి వృత్తాంతం ప్రసిద్ధం. అతనికి చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలిలో సగం మొద్దుబారాయి. వైద్యులు వేళ్లకే మందు రాశారు, గుణం కనిపించలేదు. జాలీనూస్ గుచ్చి గుచ్చి అడిగితే, అంతకుముందు అతను బండి మీదనుంచి పడి వీపు పైభాగానికి దెబ్బ తగిలించుకున్నాడని తేలింది. మందు వెన్నుకు వేయగా వేళ్లు బాగుపడ్డాయి. బాధ ఒక చోట, మూలం మరొక చోట!

రాజీ ఈ మార్గాన్నే ముందుకు నడిపారు. వెన్ను నుంచి 31 జతల నరాలు బయలుదేరుతాయని రాశారు. నేటి వైద్యులూ 31 జతలనే లెక్కిస్తున్నారు. కొన్ని నరాలు కదలికకు, కొన్ని స్పర్శకు అని వివరించారు. ముఖం వంకరపోవడానికి కండరం బిగుసుకోవడం ఒక కారణమైతే, కండరం సడలిపోవడం మరొకటని విడదీశారు. సడలిపోవడంలోనూ మెదడులోని జబ్బు వేరు, మెదడు దాటి వచ్చిన నరంలోని జబ్బు వేరు అన్నారు. వెంట ఉన్న ఇతర లక్షణాలను బట్టి దాన్ని గుర్తించమన్నారు. జాలీనూస్ అంటే ఎంతో గౌరవం ఉన్నా, అనుభవానికి సరిపడని ఆయన మాటలను ప్రశ్నిస్తూ వేరే పుస్తకం రాశారు.

చివరి రోజుల్లో రాజీ చూపు కోల్పోయారు. హిజ్రీ 313 (క్రీ.శ. 925)లో రయ్‌లోనే కన్నుమూశారు. ఆయన జీవితమంతా రాసుకున్న కాగితాలను శిష్యులు అల్ హావీ పేరిట గ్రంథంగా కూర్చారు. 1279లో అది లాటిన్‌లోకి వెళ్లి ఐరోపా వైద్యులకు పాఠమైంది. దాని అరబీ మూలాన్ని 1955 నుంచి అనేక సంపుటాలుగా అచ్చువేసిన ఘనత మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థది.

ఈ జీవితం నుంచి మనం నేర్వవలసింది ఉంది. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగల పనిలో రోజంతా తలవంచి కూర్చునే సోదరుడికి వేళ్లు తిమ్మిరెక్కితే, కారణం మణికట్టులో ఉండవచ్చు, మోచేతిలో ఉండవచ్చు, మెడలోనూ ఉండవచ్చు. షుగరు, విటమిన్ల లోపం కూడా కావచ్చు. నూనె మర్దనతో సరిపెట్టుకుంటే మూలం అలాగే ఉండిపోతుంది. మూతి వంకరతోపాటు చెయ్యి, కాలు పడిపోయినా, మాట తడబడినా, కాళ్లలో మొదలైన నీరసం గంటల్లో, రోజుల్లో పైకి పాకుతున్నా గాలి సోకిందని ఇంట్లో ఉంచుకోకూడదు. ఆ క్షణమే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. డాక్టరు అడిగినప్పుడు పాత దెబ్బలు, జ్వరాలు, వాడిన మందులు ఏవీ దాచకూడదు.

అల్లాహ్ ఏ రోగాన్నీ మందు లేకుండా దింపలేదని దైవప్రవక్త (స) బోధించారు. ఆ మందును వెదకడం మన వంతు. దువా చేసే చేతులే దవా కోసం కూడా ముందుకు సాగాలి. అల్లాహ్ మన రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.