అంబేద్కర్ విలేకరి పని

అప్పనపల్లి ఉన్న కోనసీమ జిల్లాకు 2022లో అంబేద్కర్ పేరు పెట్టారు. ఆయన విలేకరి కూడా అని మనం తక్కువగా చెప్పుకుంటాం. 1920లో మూక్‌నాయక్, 1927లో బహిష్కృత భారత్ పత్రికలు పెట్టారు. ఊళ్లలో అంటరానివారిపై దాడుల వార్తలు పోగుచేశారు. కొట్టినవాడూ, కేసు రాసే పోలీసూ, తీర్పుచెప్పే మేజిస్ట్రేటూ ఒకే వర్గమైతే న్యాయం దక్కదని తేల్చారు. పోలీసు ఉద్యోగాల్లో మనవాళ్లను తీసుకోవాలని 1928లో సైమన్ కమిషన్‌ను కోరారు. 1956 డిసెంబరు 6న కన్నుమూశారు.

ఆ పని ఆగకూడదు. దళితుల ఫిర్యాదుపై కావాలనే ఎఫ్‌ఐఆర్ కట్టని దళితేతర అధికారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 4 కింద శిక్ష ఉంది. అది రుజువు కావాలంటే సాక్ష్యం కావాలి. స్టేషన్‌కు వెళ్లిన తేదీ, వేళ, అధికారి పేరు, లంచం అడిగితే ఆ మాటా అక్కడికక్కడే రాసిపెడదాం.