శాసనాలను పలికించిన పంతులుగారు

ఆమదాలవలసలో రైలు దిగి ఉత్తరంగా ప్రయాణం సాగిస్తే వంశధారా తీరాన శ్రీముఖలింగ క్షేత్రం కనిపిస్తుంది. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాలతో విలసిల్లే ఆ గ్రామానికి యాత్రికులు వందల ఏండ్లుగా వచ్చిపోతూనే ఉన్నారు. కాని ఆ గోడల మీది అక్షరాలను ఓపికతో చదివి, ఒకనాడు తూర్పు గాంగుల రాజధానియైన కళింగనగరం ఇదేనని పండితలోకానికి చాటినది ఒక బడిపంతులు. వారే గిడుగు వేంకట రామమూర్తిగారు. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా వారి కీర్తి దేశమంతటా వ్యాపించినందువల్ల చరిత్రకారులుగా వారు చేసిన కృషి కొంత మరుగున పడింది. ఆ కృషిని తెలుసుకొంటే వారి భాషావాదానికి బలం ఎక్కడినుండి వచ్చిందో కూడా తెలుస్తుంది.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన ముఖలింగానికి చేరువనున్న పర్వతాలపేటలో జన్మించారు. వీర్రాజు, వెంకమ్మగార్లు తల్లిదండ్రులు. చోడవరానికి బదిలీయైన తండ్రి 1875లో అక్కడే విషజ్వరంతో మరణించారు. పన్నెండేండ్ల బాలుడు విజయనగరంలో మేనమామగారి ఇంట ఉండి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకొన్నాడు. గురజాడ అప్పారావుగారు అక్కడ సహాధ్యాయులు. 1880లో నెలకు 30 రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు.

కుటుంబభారం వల్ల కళాశాలకు వెళ్లి చదివే అవకాశం వారికి కలుగలేదు. పగలు పాఠాలు చెప్పుతూ, మిగిలిన వేళల్లో స్వయంగా చదువుకొని ఎఫ్.ఏ.లోను, పిదప చరిత్ర ప్రధానాంశంగా బి.ఏ.లోను ఉత్తీర్ణులైనారు. ప్రాచీన లిపులను నేర్పే గురువులు సమీపంలో లేరు. అక్షరానికి అక్షరం పోల్చుకొంటూ శాసనాలు చదవడం తమంత తామే అభ్యసించారు.

కళింగనగరమెక్కడ అన్న ప్రశ్న ఆనాడు తేలలేదు. పేరులోని పోలికను బట్టి సముద్రతీరాన ఉన్న కళింగపట్నమే ఆ రాజధాని అని పలువురు తలచేవారు. రామమూర్తిగారు పేరుతో తృప్తిపడక ఆధారాలు వెదికారు. ముఖలింగాలయ శాసనాల్లో నగర ప్రశంస ఉన్నది. ఆ ఊరిని ఆనుకొని నగరికటకమనే గ్రామమున్నది. పరిసరాల్లో పాత కట్టడాల శిథిలాలు ఉన్నవి. వీటన్నిటినీ రాగిరేకుల్లోని విషయాలతో సమన్వయించి ముఖలింగమే కళింగనగరమని వాదించారు. శకవర్షం 979, అనగా క్రీ.శ. 1057 ప్రాంతానికి చెందిన వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి, ఎపిగ్రాఫియా ఇండికా నాల్గవ సంపుటంలో ప్రకటించారు. తరువాతి చరిత్రకారులలో అధికసంఖ్యాకులు వారి నిర్ణయాన్నే అంగీకరించారు. ఒరిస్సా వరకు రాజ్యాన్ని విస్తరించిన అనంతవర్మ చోడగంగదేవుని తొలి రాజధాని మన వంశధార ఒడ్డునే ఉండేదని చెప్పుకోగలుగుతున్నామంటే అందులో ఈ పంతులుగారి పాలు పెద్దది.

శాసనాలకు నోచుకోని ప్రజల చరిత్ర మాట ఏమిటి? పర్లాకిమిడి పరిసరాల కొండల్లో నివసించే సవరల భాషకు ఆనాడు లిపి లేదు, పుస్తకాలు లేవు. రామమూర్తిగారు సవర తెలిసినవారిని ఇంట ఉంచుకొని ఆ భాష నేర్చారు, మన్యంలో తిరిగారు. అక్కడి చలిజ్వరానికి సేవించిన క్వినైను వల్ల వినికిడి పోయింది. మాటల ధ్వనులనే పరిశీలించవలసిన పండితునికి ఇంతకు మించిన కష్టం లేదు. అయినా సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి పాటుపడ్డారు. సవర వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. నిఘంటువు దానిని అనుసరించింది. ఈ పరిశ్రమలో కుమారులు సీతాపతిగారు తోడు నిలిచారు.

పాఠశాలల తనిఖీ అధికారి యేట్సుదొర తెలుగు వాచకాల భాషకు, ప్రజలు మాట్లాడే భాషకు అంత భేదమెందుకని 1907 ప్రాంతంలో ప్రశ్నించినప్పుడు రామమూర్తిగారి దృష్టి తెలుగు బోధన వైపు మళ్లింది. ఇక్కడ కూడ వారు అనుసరించినది చరిత్రకారుని మార్గమే. భాష కాలానుగుణంగా మారుతుందని శాసనాలు వారికి నేర్పాయి. గ్రాంథికవాదులు వ్యాకరణసూత్రాలను చూపితే, వారు పూర్వుల ప్రయోగాలను చూపారు. 1911లో ఉద్యోగం విడిచి ఊరూర సభల్లో వాదించారు. బాలకవి శరణ్యం, గద్య చింతామణి వంటి గ్రంథాలు రచించారు, తెలుగు అనే మాసపత్రిక నడిపారు.

1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగువారు అధికంగా ఉన్న ఆ పట్టణాన్ని అలా చేర్చడాన్ని రామమూర్తిగారు ప్రతిఘటించారు, కాని ఫలితం లేకపోయింది. అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని డెబ్బది మూడవ యేట విడిచి రాజమహేంద్రవరం చేరారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1938లో కళాప్రపూర్ణ బిరుదంతో గౌరవించింది. 1940 జనవరి 22వ తేదీన వారు స్వర్గస్థులైనారు.

వారి జన్మదినాన్ని నేడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నారు. ఆ సందర్భంలో విద్యార్థులను ఒక్కసారి ముఖలింగానికి తీసుకొనిపోయి, ఆ గోడల మీది అక్షరాలను చూపించడం ఉపాధ్యాయులు చేయదగిన పని. పేరును బట్టి గాక ఆధారాన్ని బట్టి నిజం నిర్ణయించాలనే పాఠం అక్కడ చెప్పినంత సులభంగా తరగతిగదిలో చెప్పడం సాధ్యం కాదు.