ఆలస్యంగా వచ్చిన నీలిరంగు

మన సంచికకు ఒక శాస్త్రవేత్త గురించి రాయమని మిత్రులు అడిగినప్పుడు నాకు తట్టిన పేరు యల్లాప్రగడ సుబ్బారావు గారు. థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఇంజనీరుని. బాయిలర్ నీటిలో ఫాస్ఫేట్ చూడాలంటే నమూనాను చల్లార్చి, వడగట్టి, మాలిబ్డేట్‌తో నీలిరంగు తెప్పిస్తాం. అలా రంగుతో భాస్వరాన్ని కొలిచే పేరున్న పద్ధతుల్లో ఒకటి, సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ప్రచురించినది. ఆయన మీద వచ్చే వ్యాసాలు మందుల దగ్గరే మొదలవుతాయి. నాకు మాత్రం ఈ భాగమే ఇష్టం.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు (మన బ్యాచ్‌లో కొందరికి ఇది ఊరట!). మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఫిస్క్ దగ్గర పనికి కుదిరారు.

రక్తాన్ని ఉన్నదున్నట్టుగా కొలవలేం. ట్రైక్లోరోఅసెటిక్ ఆమ్లం కలిపితే ప్రోటీన్లు విరిగిన పాలలా గడ్డకడతాయి. వడగట్టగా వచ్చిన తేటలో మాలిబ్డేట్, దానితోపాటు రంగు తేల్చే మరో రసాయనం కలపాలి. నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఉన్నట్టు.

కండరం నుంచి తీసిన తేటలో మాత్రం రంగు నెమ్మదిగా ముదిరింది. ఏదో మలినం అడ్డుపడిందని వదిలేయవచ్చు. వాళ్లు వదల్లేదు. కండరంలో క్రియాటిన్‌తో కలిసి ఉన్న భాస్వరం, పరీక్షలో వాడే ఆమ్లంలోనే మెల్లగా విడిపోతోందని తేల్చారు. అప్పటిదాకా అందరూ విడి ఫాస్ఫేట్‌గా లెక్కేసినదాంట్లో చాలా భాగం అదే! కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతిలో మళ్లీ పెరుగుతుంది. కోసిన కండరాన్ని బల్ల మీద కాసేపు ఉంచినా విరిగిపోతుంది. అందుకే కండరాన్ని అదరనీయకుండా తీసి, వెంటనే చల్లబరిచి, చల్లటి ఆమ్లంలో నూరి, ఆలస్యం లేకుండా కొలవాలి. నమూనా తయారీలో తొందర లేకపోతే కొలవడానికి ఆ పదార్థమే మిగలదు. ఫాస్ఫోక్రియాటిన్ అలా 1927లో బయటపడింది. 1929లో ఏటీపీ, జర్మనీలో లోమన్ కూడా అదే సంవత్సరం కనుగొన్నారు.

1940లో లెడర్లే కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ ఆమ్లం, మన కోస్తావాళ్లకు బాగా తెలిసిన బోదకాలు జబ్బుకు హెట్రజాన్, ఆరియోమైసిన్ ఆయన నాయకత్వంలో వచ్చినవే. 1948 ఆగస్టులో నిద్రలోనే పోయారు. అప్పటికి 53 ఏళ్లు. పాతికేళ్లు అక్కడే ఉన్నా అమెరికా పౌరసత్వం తీసుకోలేదు.