రసాయనశాస్త్ర పితామహుడు లావోయిజర్

ఉన్నత పాఠశాలలో చేరిన ప్రతి బాలుడును, ప్రతి బాలికయు శాస్త్రపాఠములలో మూలకము, సమ్మేళనము, ఆమ్లము, లవణము, ఆమ్లజని, ఉదజని అను మాటలను నేర్చుకొనుచుందురు. పెక్కుమందికి అవి పరీక్షకొరకు వల్లించు మాటలుగనే తోచును. కాని ఆ మాటలకు నియతమైన అర్థమును కల్పించుటకై ఒక మహాపురుషుడు తన జీవితమునంతయు ధారపోసెను. రసాయనశాస్త్రమునకు లెక్కను, భాషను ప్రసాదించిన ఆ మహనీయుడు ఫ్రాన్సు దేశీయుడగు ఆంట్వాన్ లోరాన్ లావోయిజర్. ఆయన పరిశ్రమ జ్ఞానార్థులకెల్ల ఆదర్శప్రాయము. ఆయన అంతము మాత్రము మిక్కిలి శోచనీయము.

లావోయిజర్ 1743వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన పారిసు నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది, సంపన్నుడు. ఐదవ యేట తల్లి మరణింపగా, ఆమె తోబుట్టువు ఆ బాలుని కన్నబిడ్డవలె పెంచెను. మజారిన్ కళాశాలలో విద్య ముగించి, కులవృత్తివంటిదగు న్యాయశాస్త్రము నభ్యసించి 1764లో పట్టము నందెను గాని, ఆయన మనస్సు ప్రకృతి శాస్త్రములయందే లగ్నమైయుండెను. రూయెల్ పండితుని రసాయన ప్రసంగములను విని, గెట్టార్ అను భూగర్భశాస్త్రజ్ఞుని వెంట దేశసంచారము చేసి, రాళ్ళను, నీళ్ళను పరీక్షించుట నేర్చెను. పారిసు వీధులలో రాత్రివేళ దీపములమర్చు విధానమునుగూర్చి వ్యాసము వ్రాసి 1766లో రాజునుండి బంగారు పతకము బడసెను. ఇరువదియైదేండ్లు నిండకమునుపే, 1768లో, రాజకీయ శాస్త్రపరిషత్తున సభ్యుడయ్యెను.

ఆనాటికి రసాయన విద్య శాస్త్రస్థాయి నందలేదు. మన పూర్వులు పంచభూతములను చెప్పినట్లే గ్రీకులు భూమి, జలము, అగ్ని, వాయువు అను నాలుగు భూతములను చెప్పిరి. యూరపు పండితులలో పలువురు ఆ సిద్ధాంతమునే అనుసరించుచుండిరి. నీటిని చిరకాలము కాచినచో అది మన్నుగా మారునని కొందరు నమ్ముచుండిరి. గాజుపాత్రలో నీరు కాచినప్పుడు అడుగున మడ్డి కనబడుటయే వారికి నిదర్శనము. లావోయిజర్ ఈ మాటను కాదనలేదు, ఔననలేదు, తూచి చూచెను. పాత్రను తూచి, నీటిని తూచి, మూతి బిగించి 101 దినములు ఎడతెగక కాచెను. పిమ్మట మరల తూచెను. నీటి బరువు తగ్గలేదు. పాత్ర బరువు తగ్గెను. మడ్డి యంతయు గాజునుండి కరగి వచ్చినదే గాని నీటినుండి పుట్టినది కాదని తేలెను. తరతరముల విశ్వాసమును వాదముతో గాక త్రాసుతో ఖండించిన ఈ ప్రయోగమే ఆయన జీవితమార్గమును సూచించినది.

పరిషత్తున చేరిన యేడే లావోయిజర్ మరియొక పని చేసెను. రాజునకు రొక్కము ముందుగ చెల్లించి, ఉప్పు, పొగాకు మున్నగువానిపై పన్నులను తాము వసూలు చేసికొను ఇజారాదారుల సంఘమున వాటా కొనెను. ఆ ఆదాయముతోనే అమూల్యమగు పరికరములను చేయించుకొనగలిగెను. ఆ వాటాయే పిదప ఆయన ప్రాణములకు ముప్పు తెచ్చినది. ఆ సంఘమునకే చెందిన పోల్జ్ అను నాతని కుమార్తె మేరీ ఆన్‌ను 1771లో వివాహమాడెను. ఆమెకు అప్పుడు పదుమూడేండ్లు. ఆ సాధ్వి ఆంగ్లభాషను నేర్చి, ఇంగ్లండు పండితుల గ్రంథములను భర్తకొరకు అనువదించెను. చిత్రలేఖనము నేర్చి, ఆయన పరికరముల పటములను స్వహస్తముతో గీసెను. ప్రయోగముల వివరములను దినచర్యగ వ్రాసి యుంచెను.

నిప్పు అనగా నేమి? వస్తువు మండునప్పుడు దానియందలి ఫ్లోజిస్టన్ అను దాహకతత్త్వము వెలువడునని ఆనాటి పండితుల మతము. కట్టె కాలి బూడిదగుట చూచినవారికి ఆ మాట నిజమనియే తోచును. కాని 1772లో లావోయిజర్ గంధకమును, భాస్వరమును మండించి తూచి చూడగా బరువు తగ్గుటకు మారు పెరిగెను. వస్తువునుండి ఏదియో పోయినచో బరువు పెరుగుటెట్లు? గాలినుండి ఏదియో వచ్చి చేరియుండవలెను. ఆ వచ్చినదేదో తెలియక రెండేండ్లు గడచెను. 1774లో ఇంగ్లండునుండి ప్రీస్ట్లీ పారిసునకు వచ్చి, పాదరస భస్మమును కాచినప్పుడు తనకొక విచిత్రవాయువు లభించెననియు, దానియందు దీపము ప్రకాశవంతముగ వెలిగెననియు విందు సమయమున తెలిపెను. స్వీడను దేశపు షీలేయు అంతకుముందే దానిని స్వతంత్రముగ కనుగొనియుండెను. వాయువును చేతబట్టినవారు వారిరువురు. దాని తత్త్వమును గ్రహించినవాడు లావోయిజర్.

ఆయన నాలుగు ఔన్సుల పాదరసమును మూసిన గాలితో పండ్రెండు దినములు కాచెను. గాలిలో సుమారు ఆరవవంతు తగ్గెను. మిగిలిన గాలిలో దీపమారిపోయెను, ప్రాణి బ్రతుకలేదు. పాదరసముపై ఎఱ్ఱని భస్మము 45 గ్రెయినులు తేలెను. దానినే మరల తీవ్రముగ కాచగా 41½ గ్రెయినుల పాదరసమును, తగ్గినంత గాలియు తిరిగి వచ్చెను. ఆ గాలిని మిగిలినదానితో కలుపగా సామాన్యమగు గాలియే యయ్యెను. దీనితో గాలి యొక భూతము కాదనియు, మండుటకును బ్రతుకుటకును తోడ్పడు భాగమొకటి, తోడ్పడని భాగమొకటి దానియందు కలవనియు తేటతెల్లమయ్యెను. వైద్యులు చేయు లోహభస్మములలో కొన్నియు, ఇనుమునకు పట్టు త్రుప్పును ఆ మొదటి భాగము లోహముతో కూడుటవలన ఏర్పడునవియే.

గంధకము, భాస్వరము మున్నగునవి దానితో కూడి ఆమ్లములగుట చూచి, ఆమ్లములను పుట్టించునదియను అర్థముగల గ్రీకు పదములతో ఆ వాయువునకు ఆక్సిజను అని లావోయిజర్ పేరిడెను. మన భాషలోని ఆమ్లజని యను మాట దానికి సరియగు తెనిగింపు. అయితే ఇందొక పొరపాటు కలదు. ఆమ్లములన్నిటియందును ఆమ్లజని యుండునని ఆయన తలచెను. ఉప్పునుండి తీయు హైడ్రోక్లోరిక్ ఆమ్లమున అది లేదని 1810లో డేవీ నిరూపించెను. నేటి మతమున ఆమ్లత్వమునకు ముఖ్యకారణము ఉదజనియే. పేరు మాత్రము నిలిచిపోయినది. ప్రాణవాయువను మన రెండవ పేరు ఈ చిక్కునుండి తప్పించుకొన్నది.

నీటి రహస్యము 1783లో బయటపడెను. మండుగాలియను పేర పరగిన వాయువును కాల్చినచో నీరేర్పడునని ఇంగ్లండున కావెండిష్ కనుగొనగా, లావోయిజర్ అదే ప్రయోగము చేసి, ఆపై ఎఱ్ఱగా కాల్చిన తుపాకి గొట్టముగుండ నీటియావిరిని పంపి నీటిని మరల విడదీసెను. తొమ్మిది పాళ్ళ బరువుగల నీటిలో ఎనిమిది పాళ్ళు ఆమ్లజని, ఒక పాలు ఆ మండుగాలి యని నేడు తెలిసియున్నది. నీటిని పుట్టించునది కావున దానికి హైడ్రోజను, అనగా ఉదజని యని పేరు వచ్చెను.

వస్తుజ్ఞానము పెరుగుకొలది పాతపేరులు శాస్త్రమునకు సంకెళ్ళయ్యెను. మన అంగడిలో మైలుతుత్తము, అన్నభేది యను పేరులు విన్నవానికి మొదటిదానియందు రాగియు, రెండవదానియందు ఇనుమును, రెండిటియందును గంధకామ్లపు అంశమును కలవని తెలియదు గదా! యూరపునందును అంతియే. గీటన్ ద మోర్వో, బెర్తొలే, ఫోర్‌క్రువా అను మువ్వురితో కలిసి లావోయిజర్ 1787లో నూతన నామవిధానమును ప్రకటించెను. ఏ వస్తువు వేనితో నేర్పడినదో పేరే తెలుపవలెనని వారి నియమము. ఆ నియమమున మైలుతుత్తము కాపర్ సల్ఫేట్ అయ్యెను. బొగ్గు ఆమ్లజనితో కూడగా నేర్పడు వాయువును మనవారు బొగ్గుపులుసుగాలి యనుటయు ఆ మార్గమే.

1789లో ప్రకటించిన తన ప్రాథమిక రసాయన గ్రంథమున, ఏ యుపాయముచేతను ఇంకను విడదీయరానిదే మూలకమని నిర్ణయించి, 33 మూలకముల పట్టిక నిచ్చెను. రెండు లేక ఎక్కువ మూలకములు నియతమైన పాళ్ళలో కూడినది సమ్మేళనము. ఆ పట్టికలోని వెలుతురు, వేడిమి పదార్థములే కావు. సున్నము సమ్మేళనమని పిదప తేలెను. ఐనను నిర్వచనము చెక్కుచెదరలేదు. నేటికి 118 మూలకములు గుర్తింపబడినవి. ఆ గ్రంథముననే ద్రాక్షరసము పులియుటను వర్ణించుచు, పులియకముందున్న చక్కెర, నీరు, ఈస్టులను జమగను, పులిసిన పిదప వచ్చిన సారాయి, బొగ్గుపులుసుగాలులను ఖర్చుగను చూపి, రెండు వైపుల మొత్తము సమానము కావలెనని చాటెను. పదార్థము రూపము మారును గాని కొత్తగ పుట్టదు, నశింపదు. మన తాటికల్లు పులియుటయందును ఇదే లెక్క.

ఈ త్రాసునే ఆయన ప్రాణికోటికిని పట్టెను. 1782–83 చలికాలమున లాప్లాసు పండితునితో కలిసి, చుట్టును మంచు నింపిన పాత్రలో గినీపంది యను చిన్న జంతువు నుంచెను. పది గంటలలో దాని వేడిమికి సుమారు 13 ఔన్సుల మంచు కరగెను. అది విడిచిన బొగ్గుపులుసుగాలికి సరిపడు బొగ్గును కాల్చినచో ఎంత మంచు కరగునో లెక్కింపగా సుమారు 10½ ఔన్సులయ్యెను. లెక్క పూర్తిగ కుదరకున్నను, శ్వాస యనగా మెల్లగ సాగు దహనమేయని గ్రహించుటకు అది చాలెను. ఆ దహనము ఊపిరితిత్తులయందు జరుగునని ఆయన తలచెను. రక్తము మోసికొనిపోయిన ఆమ్లజనితో అది శరీరమందలి కణములయందు, ఎంజైముల సాయమున జరుగునని ఇప్పుడు తెలిసినది. ఆ దహనమునకు ఇంధనము మన ఆహారమే. అన్నములోని పిండిపదార్థములు, నూనె, నేయి మొదలగు క్రొవ్వులు కర్బనము, ఉదజని, ఆమ్లజనులతో నేర్పడినవి. పప్పులోని మాంసకృత్తులయందు వీనితోపాటు నత్రజనియు కలదు. జీవరసాయనశాస్త్రమునకు ఇట్లు పునాది పడినది.

తరువాత సెగాన్ అను సహచరుడు తనపైననే పరీక్షలు చేయించుకొనగా, శరీరశ్రమ చేయునపుడును, భుజించినపుడును, చలియందును మనుష్యుడు ఎక్కువ ఆమ్లజనిని పీల్చునని తేలెను. దీనినుండి లావోయిజర్ తీసిన ఫలితార్థము గమనింపదగినది. కష్టజీవి తన దేహమునే ఎక్కువగ దహించుకొనుచున్నాడు. అతనికి ఆహారము ఎక్కువ కావలెను. లోకమున దొరకునది తక్కువ. ధనికునకు అవసరము తక్కువ, సమృద్ధి ఎక్కువ. ఈ అన్యాయమును ధనికుడగు ఆయనయే శాస్త్రపరిషత్తు ఎదుట నివేదించెను.

ఆయన లోకోపకారము మాటలతో ఆగలేదు. ఇంగ్లీషువారితో జరిగిన యుద్ధములలో మన దేశపు సురేకారము ఫ్రాన్సునకు అందకపోగా, 1775లో తుపాకిమందు శాఖ నిర్వాహకుడై ఆ లోటు దీర్చెను. ఫ్రెషీన్ గ్రామమున సేద్యము చేయించి, పంటలకును ఎరువులకును ఏండ్ల తరబడి లెక్కలు వ్రాయించెను. 1788లో బ్లువా పట్టణమున ధాన్యము కరవైనపుడు స్వంత ధనము నప్పిచ్చెను. నేడు మనము వాడు మెట్రిక్ తూనికలకు, కొలతలకు మూలమగు సంఘమునను పనిచేసెను.

1789లో ఫ్రెంచి విప్లవము చెలరేగెను. పన్ను వసూలుదారులనిన ప్రజలకు ఏవగింపు. పన్ను చెల్లింపని సరకు నగరమున చొరకుండ పారిసు చుట్టు గోడ కట్టింపవలెనన్న సలహా లావోయిజర్‌దే. ప్రజలు దానిని మరువలేదు. నిప్పునుగూర్చి తాను వ్రాసిన గ్రంథమును పూర్వము ఆదరింపలేదను కినుకతో మరాట్ తన పత్రికలో ఆయనను దుమ్మెత్తిపోసెను. 1793 ఆగస్టులో శాస్త్రపరిషత్తు రద్దయ్యెను. నవంబరులో ఇజారాదారులను బంధింప ఉత్తర్వు రాగా, లావోయిజర్ తానే పోయి లొంగిపోయెను. ఆయనను విడువవలసినదిగ తూనికల సంఘమువారు పంపిన విజ్ఞప్తి నిష్ఫలమయ్యెను. చెరసాలయందును తన వ్యాసములను సంపుటములుగ కూర్చుచునే యుండెను.

పొగాకులో నీరు కలిపి ప్రజలను మోసగించిరనుట మోపబడిన నేరములలో నొకటి. జీవితమంతయు గ్రెయినులో సగమును విడువక తూచిన మహాత్మునిపై వచ్చిన నింద యిది! ఆ లెక్కలను నిదానముగ పరిశీలింప ఎవ్వరికిని ఓపిక లేదు. 1794 మే 8వ తేదీన విచారణ యారంభమయ్యెను, ఆనాడే ముగిసెను, ఆనాడే ఇరువదియెనమండుగురి శిరస్సులు గిలటిన్ క్రింద తెగెను. మామగారి వెనుక లావోయిజర్ వంతు వచ్చెను. అప్పటికాయనకు ఏబదియేండ్లు.

మరుసటి యేడు ప్రభుత్వమువారు తప్పు గ్రహించి ఆస్తిని భార్యకు తిరిగి యిచ్చిరి. ప్రాణమును తిరిగి యిచ్చువారెవరు? ఆమె 1836వరకు జీవించి, భర్త చెరలో కూర్చిన సంపుటములను అచ్చొత్తించి మిత్రులకు పంచెను.

పన్నులవలన నలిగిన ప్రజల కోపము అకారణము కాదు. కాని ఒక సంఘము చేసిన తప్పులను ఒక మనుష్యుని ఖాతాలో వ్రాసి, జమవైపు చూడక శిక్షించుట న్యాయము కాదు. తూచినగాని తీర్పు చెప్పరాదని లావోయిజర్ ప్రకృతి విషయమున నేర్పెను. మనుష్యుల విషయమునను అది పాటింపదగిన నియమము. మన బాలబాలికలు ఆమ్లజని యను మాటను చదువునపుడు దానినిచ్చినవాని కథయు తెలిసియుండుట మేలు.