క్యాలెండరు దేవతలకు రూపమిచ్చిన కోవిల్‌పట్టి కొండయ్యరాజు

సంవత్సరం గడచినా పారవేయక, అద్దం కట్టించి పూజామందిరంలో నిలుపుకొన్న క్యాలెండరు పటాలు మన పల్లెలలో అనేకం. వాటి ముందు నిత్యం దీపం వెలిగిస్తాము గాని, వాటిని చిత్రించిన చేతిని ఎరుగము. అట్లు పేరు మరుగున పడినవారిలో అగ్రగణ్యులు సి. కొండయ్యరాజు గారు.

ఆయన 1898లో జన్మించారు. పేరులోని రాజు శబ్దం తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబాలలో తరచు వినబడునదే. విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం అందుకు ప్రసిద్ధ ఉదాహరణ. 1850లో స్థాపితమైన మద్రాసు చిత్రకళా పాఠశాలలో ఆయన శిక్షణ పొందారు. వస్తువును ఎదుట నిలుపుకొని, దానిపై పడు వెలుగును, అది పరచు నీడను గమనించి గీయు పాశ్చాత్య పద్ధతి అక్కడి బోధనలో ప్రధానం. అనంతరం వైరాగ్యబుద్ధితో తిరువణ్ణామలైలోని రమణాశ్రమంలో కొంతకాలం గడిపారు.

పిమ్మట నాటక సమాజంలో చేరి రంగస్థల తెరలు చిత్రించారు. గుడ్డపై గీచిన రాజసౌధం ప్రేక్షకునికి దూరాన నిజంగా ఉన్నట్లు తోచవలెను. ఆ నేర్పు ఆయనకు అక్కడ సిద్ధించింది. 1940ల దశకంలో ఆయన కోవిల్‌పట్టిలో స్థిరపడ్డారు. శిష్యుడు టి.ఎస్. సుబ్బయ్య గారితో కలిసి దేవీ ఆర్ట్ స్టూడియో నడిపారు. ఛాయాచిత్రాలు తీయుట, దేవతా చిత్రాలు వేయుట రెండూ అక్కడి పనులే.

ఆనాటి ఫొటో స్టూడియో చిత్రకారుని గదికి సోదరి వంటిది. వెనుక రంగుల తెర, ప్రక్కన చిన్న బల్ల, దానిపై పూలకూజా, పుస్తకం. ఈ అమరిక ఐరోపా చిత్రకారుల పటాల నుండి వచ్చినదే. వెలుగు ఒక ప్రక్క నుండి పడినపుడే ముఖానికి నిండుదనం వచ్చును. నెగటివ్‌పై సన్నని పెన్సిలుతో మచ్చలు దిద్దుట, నలుపు తెలుపు ప్రతిపై రంగులు పూయుట కుంచె పట్టిన చేతికే సాధ్యం.

కొండయ్యరాజు గారు ఆ వెలుగునీడలనే దేవతామూర్తులకు అన్వయించారు. రవివర్మ (1848–1906) చూపిన బాటలో పట్టుచీర మెరుపు, నగల బరువు, పువ్వుల మృదుత్వం కనులకు కట్టినట్లు చిత్రించారు. అయితే ఆయన దేవత భక్తుని వైపే సూటిగా చూచును. ఎదుట నిలిచిన వానికి దర్శనభాగ్యం కలుగును. గజలక్ష్మి చిత్రం లక్షలాది ప్రతులుగా ఇల్లిల్లూ చేరినది.

ఆ వ్యాప్తికి తోడ్పడినది సమీపంలోని శివకాశి. అగ్గిపెట్టెలకు, బాణసంచాకు ప్రసిద్ధమైన ఆ పట్టణం ముద్రణాలయాలకు కూడ నిలయం. దేవతా చిత్రం క్రింద దుకాణం పేరు అచ్చువేసి వర్తకులు ఏటా క్యాలెండర్లు పంచేవారు. మధుర మీనాక్షి ఆలయ ద్వారాలు దళితులకు తెరచుకొన్నది 1939లో. గుడిలో అడుగిడ నోచుకోని ఇంటికి సైతం దేవతను చేర్చినవి ఈ కాగితపు పటాలు. వీటిని బజారు బొమ్మలని చిన్నచూపు చూచినవారు ఈ సంగతి గ్రహించవలెను.

ఆయన విద్యను తనతోనే ఉంచుకొనలేదు. సుబ్బయ్య, ఎం. రామలింగం, టి.ఎస్. అరుణాచలం మొదలగు శిష్యులను తీర్చిదిద్దారు. పెక్కు చిత్రాలపై గురుశిష్యుల పేర్లు జంటగా కనిపించును. శిష్యుని పేరును తన పేరు సరసన నిలిపిన గురువులు అరుదు. 1976లో ఆయన పరమపదించారు.

నేడు పటాలు యంత్రాలపై క్షణాలలో తయారగుచున్నవి. పాత పటం రంగు వెలిసినదని తీసివేయబోవునపుడు, దాని క్రింది అంచును ఒకమారు పరికించండి. అక్కడ చిన్న అక్షరాలలో కొండయ్యరాజు గారి పేరు ఉండవచ్చును. పిల్లలకు ఆ పేరు చదివి వినిపించుట ఆ కళాకారునికి మనం చెల్లించగల ఋణం.